ఫిష్ ట్యాంక్ హీటర్ తోటి మా చలికాలం – నా అనుభవం (నల్గొండ)

ఫిష్ ట్యాంక్‌కి హీటర్ ఏది కొనాలి, కొన్నాక అది సరిగ్గ పనిచేస్తుందా లేదా ఎట్ల తెలుస్తది అని 2024 చలికాలంల నేను అడగని మనిషి లేడు. ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పిన్రు. అందుకే 2024 నవంబర్ ఆఖరు నుంచి 2025 ఫిబ్రవరి దాకా మా ఇంట్ల ఏం జరిగిందో వరుసగ రాస్తున్న, రేట్లతోటి సహా. మాది నల్గొండ, రామగిరి దిక్కు. నేను ప్రైవేట్ స్కూల్ల ఫిజిక్స్ చెప్త, అందుకని మధ్యల కొన్ని లెక్కలు వస్తయి, బోర్ కొడితే దాటేయండి.

మా ట్యాంక్ 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, 15 ఇంచుల ఎత్తు. నిండ పోస్తే 70 లీటర్లు పడతయి కానీ అడుగున గులకరాళ్లు, పైన వదిలేసే ఖాళీ పోను 60 లీటర్ల లోపే ఉంటయి. అందుల 4 ఏంజెల్స్, ఓ గుంపు గప్పీలు, 6 నియాన్ టెట్రాలు, ఇంకా షాపాయన "పిల్లలకు ఇష్టం మేడమ్" అని అంటగట్టిన 2 గోల్డ్ ఫిష్‌లు.

నవంబర్ ఆఖరు వారం చలి ఒక్కసారే దిగింది. పొద్దున లేచి చూస్తే చేపలన్నీ కిందికి దిగి ఓ మూలకు చేరినయి, గప్పీలు తోకలు విప్పకుండ ముడుచుకొని ఉన్నయి, మేత వేస్తే ఏంజెల్స్ చూసి కూడ కదలట్లె. మధ్యాహ్నం అయ్యేసరికి మళ్లీ మామూలే. మా బాబు మూడో తరగతి, వాడు "మమ్మీ వీటికి జరమొచ్చినట్టుంది" అని స్కూల్ బ్యాగ్ వేసుకొనే ట్యాంక్ ముందల నిలబడేది. చేపలు కొన్న షాపుకే పోయి అడిగితే "మన దగ్గర చలెక్కడిది మేడమ్, హీటర్ అక్కర్లేదు, అదంతా ఊటీ వాళ్లకు" అన్నడు. ఇంటికొస్తే అత్తమ్మ "మూసీల చేపలకు ఎవడు పెట్టిండు బిడ్డా హీటరు" అన్నది. అత్తమ్మ మాట నిజమే, కానీ మన మూసీల ఉండే బొచ్చె, రవ్వ వేరు, ఈ ఏంజెల్స్, నియాన్లు అమెజాన్ దిక్కు చేపలు, వాటికి 25, 26 డిగ్రీలు ఉంటేనే ఒళ్లు బాగుంటది. పైగా చెరువుల్ల అంత నీళ్లు ఒక్క రాత్రిల చల్లబడవు, 60 లీటర్లు చల్లబడతయి.

అందుకని హీటర్ సంగతి పక్కకు పెట్టి ముందు ఒక థర్మామీటర్ తెచ్చిన. 50 రూపాయల గాజుది, రబ్బరు బుడిపె తోటి అద్దానికి అంటుకుంటది. నాకు తెలిసిన మొదటి సంగతి దాంతోనే తెలిసింది. పొద్దున 6 గంటలకు 20, సాయంత్రం 4కి 24 దాటి. రోజుకు నాలుగు డిగ్రీలు కిందికి మీదికి. 22 దగ్గర నిలకడగ ఉన్నా చాన చేపలు ఎట్లనో సర్దుకుంటయి, ఈ ఊగుడు తోటే వాటి ఒంట్ల శక్తి పోతది.

డిసెంబర్ 8 ఆదివారం, ఏంజెల్స్‌ల ఒకదాని రెక్క మీద ఉప్పు రవ్వ అంటినట్టు తెల్లటి చుక్కలు. రెండు రోజుల్ల గప్పీల మీదికి కూడ వచ్చినయి, చేపలు పోయి రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటున్నయి. వైట్ స్పాట్ అంటరు దీన్ని, చేప ఒంటికి సన్న పురుగు పట్టే రోగం. షాపుల నీలం మందు 80 రూపాయలు, రోజూ ఇన్ని చుక్కలు వెయ్యమన్నడు. ఇక్కడ ఎవ్వరూ చెప్పని ముచ్చట ఏందంటే ఆ తెల్లచుక్క చేప మీద ఉన్నప్పుడు మందు దాన్ని ఏం చెయ్యలేదు, అది రాలి కింద పడి, పగిలి, పిల్లలు నీళ్లల్ల ఈదేటప్పుడే మందు పనిచేసేది. నీళ్లు వెచ్చగ ఉంటే ఆ చక్రమంతా కొన్ని రోజుల్ల అయిపోతది, చల్లగ ఉంటే వారాలకు వారాలు లాగుతది, అన్ని రోజులు చేప ఆగదు. అంటే మందుకైనా హీటర్ కావాల్సిందే. అదే షాపాయన ఇప్పుడు "అయితే హీటర్ తీసుకోండి మేడమ్" అన్నడు. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలె.

ఇగ ఏ హీటర్. షాపుల మూడు రకాలు ఉన్నయి, 50, 100, 300 వాట్లవి. ఆయన 300ది చేతికిచ్చి "పెద్దదైతే తొందరగ వేడెక్కుతది, కరెంట్ కూడ తక్కువ కాలుతది" అన్నడు. తొందరగ వేడెక్కే మాట నిజం, కరెంట్ మాట ఉత్తదే, నీళ్ల నుంచి ఎంత వేడి బయటకు పోతే అంతే వేడి మళ్లీ ఇవ్వాలె, చిన్నదైనా పెద్దదైనా యూనిట్లు దాదాపు ఒకటే. జనం అందాజుగ లీటరుకు ఒక వాటు అంటరు. నేను కాగితం మీద లెక్క వేసిన: 60 లీటర్ల నీళ్లు ఒక్క డిగ్రీ ఎక్కాలంటే 100 వాట్ల హీటర్‌కు 40 నిమిషాల పైనే పడతది, అదీ వేడి ఏం బయటకు పోకుంటే. 50ది అయితే గంటన్నర దగ్గర దగ్గర, మా ఇంట్ల చలికి రాత్రంతా ఆగకుండ వెలగాల్సిందే. 300ది పావుగంటల ఒక డిగ్రీ ఎక్కిస్తది, అది ఎప్పుడన్న ఆగకుంటే చేపల పులుసే. 100కి ఫిక్స్ అయిన. 450 రూపాయలు, పేరు ఊరు లేని కంపెనీ, గాజు గొట్టం, పైన నల్ల టోపీ, టోపీ మీద 20 నుంచి 34 దాకా అంకెలున్న గుండీ. ఆన్‌లైన్ల పేరున్న కంపెనీవి వెయ్యి, పదకొండు వందలు ఉండె కానీ వచ్చేసరికి నాలుగైదు రోజులు అంటున్నయి, చుక్కలు చూస్తే అంత టైం లేదనిపించింది.

గోల్డ్ ఫిష్‌లను ఆ రోజే మా అక్క వాళ్ల తొట్టికి పంపిన. వాటికి చల్లటి నీళ్లే ఇష్టం, హీటర్ అసలే వద్దు, వాటినీ ఏంజెల్స్‌నీ ఒక్క ట్యాంకుల వేసి అమ్మెటోళ్లకు దండం.

పెట్టే పద్ధతి డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాలతోటి రాసి ఉంది. నీళ్లల్ల పెట్టినంక 20 నిమిషాలు ఆగి అప్పుడు స్విచ్ వెయ్యాలె, తీసేటప్పుడు కూడ స్విచ్ బంద్ చేసి 20 నిమిషాలు ఆగినంకే బయటకు తియ్యాలె, లేకుంటే గాజు టప్పున పగులుతది. నీళ్లు మార్చేటప్పుడు మట్టం తగ్గి వేడి గొట్టం గాలికి వస్తే కూడ అంతే. గొట్టం మీద ఒక గీత ఉంటది, నీళ్లు దానికన్న కిందికి దిగొద్దు. వైరు తిన్నగ బోర్డులకు పోకుండ ప్లగ్గు కంటె కిందికి ఒక వంపు వేలాడాలె, అప్పుడు వైరు పట్టుకొని జారిన నీటిచుక్క ఆ వంపు కాడనే కింద పడతది, బోర్డులకు పోదు. ఈ ఒక్కటి మాత్రం మా ఆయనే చూసి చెప్పిండు.

షాపుల పిల్లగాడు "మూలకు, చెట్ల వెనక పెట్టుకోండి, కనపడదు" అన్నట్టే పెట్టి, గుండీ 26 మీద పెట్టి, ఎర్ర లైట్ వెలిగింది చూసుకొని పన్నం. పొద్దున 6 గంటలకు చూస్తే నీళ్లు 23. లైట్ ఆరిపోయి ఉంది! అంటే హీటర్ లెక్కల 26 వచ్చేసింది, పని అయిపోయింది, నిద్ర పోతుంది. మాడిపోయిందేమో అనుకొని గుండీ 30కి తిప్పితే మళ్లీ వెలిగింది.

ఇక్కడ ఆగి రెండు సంగతులు తేల్చుకోవాల్సొచ్చింది. ఒకటి, థర్మామీటర్ నిజం చెప్తుందా. ఆన్‌లైన్ల 160 రూపాయలకు వైరు, చిన్న స్క్రీను ఉన్న డిజిటల్ థర్మామీటర్ తెప్పించిన, రెండూ పక్కపక్కన పెడితే ఒకటిన్నర డిగ్రీ తేడా. ఎవడు అబద్ధమాడుతుండు? స్టీల్ గ్లాసుల ఐస్ ముక్కలు దంచి నిండ పోసి, కొద్దిగ నీళ్లు కలిపి, పది నిమిషాలు తిప్పుకుంట డిజిటల్ దాని మొన అందుల పెట్టిన. సున్నా రావాలె. 0.3 వచ్చింది, అంటే అది చాలు, గాజుదే ఎక్కువ చూపిస్తుంది. అంటే మొదట్ల 20 అనుకున్న పొద్దుటి నీళ్లు నిజానికి 18న్నర. పాపం చేపలు అనిపించింది.

రెండోది, హీటర్ ఎందుకు ముందే ఆరిపోతుంది. దాని లోపటి థర్మోస్టాట్, అంటే వేడిని బట్టి హీటర్‌ను ఆన్ ఆఫ్ చేసేది, ఆ టోపీ కాడనే ఉంటది, దాని చుట్టూ ఉన్న నీళ్ల వేడే దానికి తెలుస్తది. చెట్ల వెనక మూలకు నీళ్లు కదలవు, కాబట్టి ఆ మూల వరకు వేడెక్కి "అయిపోయింది" అనుకొని బంద్ అయితది, మిగతా ట్యాంక్ అంతా చల్లగనే ఉంటది. తీసి ఫిల్టర్ నుంచి నీళ్లు పడే దిక్కు, అద్దానికి ఏటవాలుగ అంటించిన. అదే గుండీ అంకె మీద, మరుసటి పొద్దున డిగ్రీ పైన ఎక్కువ వచ్చింది. పైసా ఖర్చు లేదు. ఇంకా మిగిలిన తేడా గుండీదే, దాని మీద 29 అని ఉన్న కాడ పెడితే మా ట్యాంకుల 26 వస్తది. ఆ కాడ నెయిల్ పాలిష్ తోటి ఎర్ర చుక్క పెట్టిన, మిగతా అంకెల ముఖం మళ్లీ చూడలె. ఇట్ల సెట్ చేసేటప్పుడు ఓపిక కావాలె, కొద్దిగ తిప్పి ఒక రాత్రి ఆగాలె, గంటకోసారి తిప్పితే ఏం అర్థం కాదు.

వైట్ స్పాట్ కోసం అక్కడి నుంచి మెల్లగ రోజుకు ఒక డిగ్రీ చొప్పున 29 దాకా తీసుకపోయిన. వేడి నీళ్లల్ల ఆక్సిజన్ తక్కువ ఉంటది కాబట్టి ఏర్ పంప్ పగలు రాత్రి నడిచింది, ఆ బుర్రుమనే చప్పుడుకు అత్తమ్మ పక్క గదికి మకాం మార్చింది. మందు తోటి పాటు లీటరుకు ఒక గ్రాము లెక్కన అయోడిన్ లేని రాళ్ల ఉప్పు, మగ్గుల కరగదీసి కొంచెం కొంచెంగ పోసిన. చుక్కలు మొదలు ఎక్కువైనయి, అప్పుడు గుండె జారింది, తర్వాత ఒక్కొక్కటే రాలినయి. చుక్కలు పోయినంక కూడ ఇంకో వారం మందు ఆపలె, కిందికి రాలినయి పిల్లలు పెడతయి గదా. ఇద్దరు గప్పీలు పోయినయి, (ఇద్దరు అనే వచ్చింది, మా ఇంట్ల అట్లనే అంటం), మిగతావన్నీ క్రిస్మస్ సెలవుల వరకు కోలుకున్నయి.

ఇంకో చిన్న తలనొప్పి, కరెంట్. ఏదో లైన్ పని ఉందని ఒక రోజు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా లేదు. మా ఇన్వర్టర్‌కు హీటర్ కలపలె, 100 వాట్లు అట్లనే లాగితే రాత్రికి ఫ్యాన్, లైట్లకు బ్యాటరీ మిగలదు. ఏర్ పంప్‌కు మాత్రం ఇన్వర్టర్ లైన్ ఇచ్చినం, అది నాలుగైదు వాట్లే. నీళ్లు గంటకు అర డిగ్రీ పైన దిగుతున్నయని డిజిటల్ దాంట్ల కనపడ్డది, పాత రగ్గు ట్యాంక్ చుట్టూ చుట్టి, వెనక ఫ్రిజ్ డబ్బాల వచ్చిన థర్మకోల్ పెడితే సగానికి తగ్గింది. ఆ థర్మకోల్ వెనక అట్లనే ఉంచేసిన, హీటర్ లైట్ ఆరి ఉండే టైం కూడ పెరిగింది.

బోరు నీళ్ల సంగతి కూడ చెప్పాలె. నల్గొండ బోరు నీళ్లంటే ఫ్లోరైడ్ గురించి అందరికి తెలుసు, కానీ హీటర్‌కు శత్రువు ఆ నీళ్లల్ల ఉండే సున్నం. నెల తిరగకముందే గొట్టం మీద తెల్లటి పొర, గోరు తోటి గీకితే పెచ్చులు లేస్తది. ఆ పొర ఉంటే లోపటి వేడి నీళ్లకు సరిగ్గ అందదు, గొట్టం మాత్రం కాగుతుంటది. స్విచ్ తీసి, చల్లారినంక, నిమ్మకాయ చెక్కతోటి రుద్ది మంచి నీళ్లతోటి కడిగితే అద్దంలాగ అయితది. ఇప్పుడు నల్లా నీళ్లు, కృష్ణా నీళ్లే, బకెట్ల పట్టి ఒక రోజంతా మూత లేకుండ పెట్టి, క్లోరిన్ వాసన పోయినంక వాడుతున్న.

ఇగ అసలు కథ సంక్రాంతికి. జనవరి 12న దేవరకొండ దిక్కు మా అత్తగారి ఊరికి పోయినం. మేత వెయ్యమని పక్కింటి పాపకు తాళం ఇచ్చిన, ఇంటర్ చదువుతది, తెలివిగల పిల్ల. 15వ తారీఖు కనుమ రోజు, నాటుకోడి పొయ్యి మీద ఉంది, ఫోన్.

"ఆంటీ, చేపలన్నీ పైకొచ్చి నోర్లు తెరుస్తున్నయి ఆంటీ."

"లోపట చిన్న స్క్రీను ఉంటది చూడు బిడ్డా, ఎంతుంది?"

"ముప్పై మూడు పాయింట్ ఆరు."

నాకు కాళ్లు ఆడలె. "ట్యాంకుల చెయ్యి పెట్టకు! ముందు గోడకున్న బోర్డుల, ఎర్ర స్టిక్కర్ ఉన్న స్విచ్ బంద్ చెయ్. చేసినవా? ఇప్పుడు పైన మూత తియ్, ఫ్యాన్ వెయ్, పంప్ మాత్రం నడవని."

"ఆంటీ ఐస్ వెయ్యాల్నా?"

వద్దన్న. 33 నుంచి ఒక్కసారే కిందికి గుంజితే ఉన్నవి కూడ పోతయి. రెండు మగ్గుల నీళ్లు తీసి, బకెట్ల పట్టి పెట్టిన నీళ్లు రెండు మగ్గులు పోసి, అరగంట ఆగి మళ్లీ, ఇట్ల చెయ్యమన్న. ఆ పిల్ల పుస్తకం తెచ్చుకొని ట్యాంక్ పక్కన్నే కూర్చుందట, గంట గంటకు స్క్రీన్ ఫొటో పంపింది. రాత్రి 9కి 28. నియాన్లు ఒక్కటి మిగలలె. ఒక ఏంజెల్ పోయింది. గప్పీలు గట్టి పిండాలు, తట్టుకున్నయి. మా బాబుకు చెప్పాలంటే నోరు రాలె, వాడు ఊర్ల గాలిపటం ఎగరేసుకుంట ఉన్నడు, ఇంటికొచ్చినంకే చెప్పినం. ఆ పాపకు దేవరకొండ నుంచి సకినాలు, అరిసెలు డబ్బా నిండ తెచ్చిచ్చిన, ఎంతిచ్చినా తక్కువే.

హీటర్ తీసి చూస్తే గొట్టం లోపట, టోపీ కింద సన్నటి నీటి చుక్కలు. షాపుకు తీసుకపోతే "గాజు ఐటమ్ మేడమ్, వారంటీ ఉండదు, మీరు ఎక్కువల పెట్టి ఉంటరు" అన్నడు. బిల్లు చూపించినా అంతే. వాదించే ఓపిక లేక, పానగల్లు రోడ్డుల మోటార్ వైండింగ్ చేసే అన్న ఉన్నడు, మా ఇంటి బోరు మోటార్ ఆయన్నే చూస్తడు, ఆయన కాడికి పోయిన. చిన్న స్క్రూ డ్రైవర్ తోటి టోపీ లేపి, లోపటిది మెల్లగ గుంజి టేబుల్ మీద పెట్టిండు.

గంతే ఉంది లోపట: సుట్టలు సుట్టిన తీగ, ఒక దిక్కు పంచదార పలుకంత రెండు పాయింట్లు, వాటిల ఒకటి బద్ద మీద ఉంది. ఆ బద్దే బైమెటల్, పిల్లలకు ప్రతి సంవత్సరం బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేదే, రెండు లోహాలు ఒకటి ఎక్కువ సాగుతది ఒకటి తక్కువ సాగుతది, వేడెక్కితే బద్ద వంగి పాయింట్లు విడిపోయి కరెంట్ ఆగుతది, ఇస్త్రీ పెట్టెల ఉండేది కూడ ఇదే. మాదాంట్ల ఆ రెండు పాయింట్లు నల్లగ మాడి, కరిగి, ఒకదానికొకటి అతుక్కున్నయి. అన్న స్క్రూ డ్రైవర్ మొన మధ్యల పెట్టి నొక్కితే టిక్కుమని విడిపోయినయి. "ఆన్ ఆఫ్ అయినప్పుడల్ల ఇక్కడ సన్న నిప్పు లేస్తది మేడమ్, చవక పాయింట్లు, అతుక్కుంటయి. సీల్ కూడ పోయింది, తడి లోపటికి పోయింది, ఇంకొన్ని రోజులైతే నీళ్లల్ల కరెంట్ వచ్చేది" అన్నడు. ఆ పిల్లను చెయ్యి పెట్టొద్దన్నందుకు దేవునికి దండం పెట్టుకున్న.

ఇంటికొచ్చి ఇంకో లెక్క వేసుకున్న. మా ట్యాంకుల 100 వాట్లు ఆగకుండ వెలిగితే గది కంటె 11, 12 డిగ్రీలు ఎక్కువ దాకా పోయి అక్కడ ఆగింది, వచ్చిన వేడి వచ్చినట్టే బయటకు పోతది కాబట్టి. అదే షాపాయన ఇచ్చిన 300ది అయి ఉంటే? 50 దాటేది. అందుకే ఈసారి 100ది ఒక్కటి కాకుండ 50వి రెండు కొన్న, ట్యాంకుకు చెరో కొసకు. ఒకటి అతుక్కుపోయినా అదొక్కటే ట్యాంక్‌ను ఉడకబెట్టలేదు, ఒకటి చచ్చినా రెండోది చేపలను గడ్డకట్టనియ్యదు. పేరున్న కంపెనీవి, ఒక్కోటి 850, ఏడాది వారంటీ, డబ్బాల ప్లాస్టిక్ జాలీ కూడ ఇచ్చిండు, చేపలు గొట్టానికి ఆనుకొని కాలకుండ.

వాటి మీద ఇంకో కాపలా పెట్టమని వైండింగ్ అన్ననే చెప్పిండు. "కోడిగుడ్లు పొదిగే పెట్టెలకు కంట్రోలర్ పెడ్తం గదా మేడమ్, అదే దీనికి పెట్టుకోండి." నాకు ఇప్పటిదాకా తట్టనే లేదు. సెన్సార్ తోటి వేడి చూసుకుంట హీటర్లకు కరెంట్ ఇచ్చేది, ఆపేది అన్నట్టు. ఆన్‌లైన్ల 550, దాని వెనక అంతా ఓపెన్ స్క్రూలే, 220 వోల్టులు, తెలిసినోళ్లు తప్ప చెయ్యి పెట్టొద్దు. అన్న ప్లాస్టిక్ డబ్బాల బిగించి, ముందల సాకెట్ పెట్టి, ఎర్త్ వైరు గట్టిగ ఇచ్చి, కూలి 200 తీసుకున్నడు. మా ఇంటి బోర్డుల ఎర్త్ ఉందో లేదో కూడ అప్పుడే చూపిచ్చుకున్న, ట్యాంక్ ఉన్న సాకెట్‌కు లేదు! ఇల్లు కట్టినప్పుడు వైరు లాగిన్రు కానీ కలపలేదట. దానికి ఇంకో 300.

ఇప్పుడు కంట్రోలర్ 26 మీద, తేడా అర డిగ్రీ, అంటే 26 కాడ ఆపి, అర డిగ్రీ దిగినంక మళ్లీ ఆన్ చేస్తది. రెండు హీటర్ల గుండీలు నీళ్లు 28 అయితే అవే ఆగేటట్టు తిప్పి పెట్టిన, అంటే కంట్రోలర్ అతుక్కున్నా హీటర్లు ఆగుతయి, హీటర్ అతుక్కుంటే కంట్రోలర్ ఆపుతది. దీనికి కూడ ఒక చిత్రం ఉంది, ఫిబ్రవరిల ఒక రోజు సెన్సార్ వైరు రబ్బరు బుడిపె జారి మొన నీళ్ల బయటకు వచ్చింది, కంట్రోలర్‌కు గది గాలి 21 కనపడి హీటర్లను ఆపనే లేదు. నేను స్కూల్ నుంచి వచ్చేసరికి నీళ్లు 28 కాడ ఉన్నయి, ఆపింది హీటర్ల గుండీలే. అదే రోజు సెన్సార్ వైరును కేబుల్ టై తోటి ఫిల్టర్ పైపుకు కట్టేసిన, రబ్బరు బుడిపెలను నమ్మేది లేదు, వేడి నీళ్లకు అవి రెండు నెలల్ల గట్టిపడి జారిపోతయి.

ఖర్చు అడుగుతరని మొత్తం కూడిన. మొదటి హీటర్ 450, రెండు థర్మామీటర్లు 210, మందు 80, కొత్త హీటర్లు 1700, కంట్రోలర్ కూలితోటి 750, ఎర్తింగ్ 300. మూడున్నర వేలకు పది తక్కువ. చేపలన్నీ కలిపి కొన్నది పదిహేను వందలకు దాటదు, మా ఆయన ఇప్పటికి ఆ లెక్క రోజుకోసారి చెప్తడు.

కరెంట్ ముచ్చట మాత్రం నేను ఊహించలె. చలి రాత్రులల్ల హీటర్ రోజుకు ఒక యూనిట్ దాకా తిన్నది, నెలకు 25, 30 యూనిట్లు, అది పెద్ద లెక్క కాదు. కానీ మాకు తెలంగాణ సర్కారు గృహజ్యోతి పథకం ఉంది, 200 యూనిట్ల లోపు జీరో బిల్లు. గీజర్ కూడ నడిచిన చలికాలం, అసలే అంచుల ఉన్నం, జనవరి బిల్లు 200 దాటింది, దాటితే పైన ఉన్న పదీ ఇరవై యూనిట్లకు కాదు, మొత్తానికి కట్టాలె. వెయ్యి దాటి వచ్చింది బిల్లు. అత్తమ్మ ఆ కాగితం ట్యాంక్ అద్దానికి టేప్ వేసి అంటించింది, చేపలు చదువుకోవాలని. ఫిబ్రవరిల గీజర్‌కు టైం పెట్టి, రాత్రి ట్యాంక్ మీద రగ్గు కప్పి మళ్లీ జీరోకి తెచ్చినం. మీకు గృహజ్యోతి ఉంటే కొనేముందు మీ పాత బిల్లుల యూనిట్లు చూసుకోండి.

శివరాత్రికి చలి శివ శివా అని పోతదంటరు, ఫిబ్రవరి 26 శివరాత్రి, ఆ వారంలనే పొద్దుటి నీళ్లు హీటర్ లేకుండ 25న్నర చూపించినయి. రెండు హీటర్లు తీసి, నిమ్మచెక్కతోటి రుద్ది, ఆరబెట్టి, డబ్బాలల్ల పెట్టిన. డబ్బా మీద ఏది ఏ అంకె మీద పెడితే ఎంత వస్తదో రాసి పెట్టిన, రెండింటికి తేడా ఉంది, ఒకే కంపెనీ, ఒకే రోజు కొన్నా కూడ.

కంట్రోలర్ మాత్రం తియ్యలె. దాంట్ల హీటింగ్‌కు ఒక లైన్, కూలింగ్‌కు ఇంకో లైన్ ఉంటయి, రెండోది ఖాళీగనే ఉంది. మన నల్గొండ మే నెల ఎట్లుంటదో తెలుసు గదా, ఏం చెయ్యకుంటే ట్యాంక్ నీళ్లు 33 మళ్లీ చూస్తయి. వైండింగ్ అన్న పాత కంప్యూటర్ ఫ్యాన్లు రెండు తీసి పెట్టిండు, నీళ్ల మీదికి గాలి కొట్టేటట్టు మూతకు బిగించి ఆ లైన్‌కు ఇస్త అన్నడు, 150 అయితదట. ఏప్రిల్ మొదటి వారం రమ్మన్నడు.